పలక గోళీల ఎలీషబా గారికి

1988 ఆగస్టు 17వ తేదీ బుధవారం ఉదయం పెద్దారవీడు బస్సు దిగి, నేరుగా మన కళాశాల కార్యాలయానికి నడిచివచ్చి, రసాయన శాస్త్ర శాఖలో ఉపన్యాసకురాలిగా బాధ్యతలు స్వీకరించిన డాక్టర్ పాలపర్తి ఎలీషబా గారు, దాదాపు ముప్పై ఏడేళ్ల బోధన, పరిశోధనల అనంతరం 2025 జూన్ 30న పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సందర్భంగా వెలువడుతున్న అభినందన సంచికలో వారి గురించి రాసే బాధ్యతను సంపాదక వర్గం తెలుగు శాఖకు అప్పగించింది. రసాయన శాస్త్రం గురించి నాకు తెలిసినదల్లా స్టాఫ్ రూములో పక్క కుర్చీలో కూర్చుని ఆవిడ చెప్పగా విన్నదే. అయినప్పటికీ వారి జీవితంలోని ముఖ్య ఘట్టాలు కొన్నింటికి పక్కనే నిలబడి సాక్షినైనవాణ్ని కనుక, ఆ అర్హతతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఎలీషబా గారి తండ్రి సీమోను గారు పలకరాయి గనుల్లో పనిచేసినవారు. తల్లి గారు కూలిపనులకు వెళ్లేవారు. గనిలో పనికిరాదని పారేసిన పగిలిన పలక ముక్కను తండ్రి ఇంటికి తెస్తే, దాని మీదే తాను అక్షరాలు దిద్దుకున్నానని ఆవిడ ఇప్పటికీ విద్యార్థులకు చెబుతుంటారు. పెద్దారవీడు పాఠశాల, మార్కాపురం హాస్టలు, ఆపైన తిరుపతిలో ఎం.ఎస్సీ. ఇలా ఒక్కొక్క మెట్టూ ఎక్కి, సొంత తాలూకాలోనే ఉద్యోగం సంపాదించుకుని తిరిగివచ్చారు. దూర ప్రాంతాల్లో ఇంతకంటే పెద్ద ఉద్యోగాలకు అవకాశాలు వచ్చినా వెళ్లలేదు. కారణం అడిగితే, ఇక్కడి నీళ్ల రుచి అలవాటైపోయిందని నవ్వేసేవారు.

ఆ మాట నవ్వులాటకు అన్నదే అయినా, నీళ్లతో వారి సంబంధం నిజంగానే తొలినాళ్ల నుంచీ ఉన్నది. మన పడమటి ప్రకాశం పల్లెల్లో పసుపు మరకలు పడ్డ పళ్లు, వంగిన మోకాళ్లు చూసి పెరిగినవారు కావడంతో, ఉద్యోగంలో చేరిన మరుసటి సంవత్సరమే బి.ఎస్సీ. విద్యార్థులను వెంటబెట్టుకుని యర్రగొండపాలెం, పెద్దారవీడు, దర్శి ప్రాంతాల బోర్ల నీటిని సీసాల్లో పట్టి తెచ్చి, ఫ్లోరైడు ఎంత ఉన్నదో పరీక్షించడం మొదలుపెట్టారు. ప్రయోగశాలలో అప్పటికి తిన్నగా పనిచేసే కుళాయి కూడా లేదు. తరగతి గదిలో ఆవిడ మాట మెత్తన, పట్టు మాత్రం గట్టిది. ప్రయోగం చేయకుండా పక్కవాడి అంకెలు చూసి రాసిన విద్యార్థిని ఒక్కమాటయినా అనకుండా పరికరాలు మళ్లీ అమర్చి, తాను స్టూలు మీద కూర్చుని, చేసేదాకా చూసేవారు. ఆ మౌనం కంటే తిట్లే నయమని మా విద్యార్థులు వాపోయేవారు.

1991లో గిద్దలూరులో ఉపాధ్యాయులుగా ఉన్న శ్రీ కృపాకర్ గారితో వారి వివాహం జరిగింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా గిద్దలూరు నుంచి మార్కాపురానికి వారి రాకపోకలు ఆగలేదు. బస్సులో నిలబడే పరీక్ష పేపర్లు దిద్దడం నేను చూశాను. కుమార్తె ఫెబీ పుట్టాక, అత్తగారైన సరోజమ్మ గారు మనవరాలి బాధ్యతను తన భుజాన వేసుకోబట్టే పరిశోధన వైపు అడుగు వేయగలిగానని ఎలీషబా గారు ఎన్నోసార్లు చెప్పారు. వ్యవసాయ వ్యర్థాలతో నీటిలోని లోహాలను తొలగించడమనే అంశం మీద పరిశోధన చేసి, 2003లో డాక్టరేటు పొందారు.

ఆ పరిశోధన సంగతి ఇక్కడ రెండు మాటల్లో చెప్పాలి. కొన్ని పదార్థాలకు నీటిలో కరిగి ఉన్న లోహాన్ని తమ ఒంటికి అంటించుకునే గుణం ఉంటుంది. దీన్ని శాస్త్ర పరిభాషలో అధిశోషణం అంటారు. దూదిలోకి నీరు ఇంకడం వేరు, అద్దం మీద దుమ్ము పట్టడం వేరు, ఇది ఆ రెండో రకమని ఆవిడ నాకు బోధపరిచారు. సీసం, నికెల్, క్రోమియం వంటి బరువైన లోహాలు కలిసిన నీటిని అటువంటి పదార్థం మీదుగా పోనిస్తే, లోహం దానికి అంటుకుంటుంది, నీరు శుభ్రపడి కిందికి దిగుతుంది. వినడానికి ఇంత సులువుగా ఉన్న ఈ విషయమే ఆవిడ జీవితంలో సుమారు పదేళ్ల కాలాన్ని తీసుకున్నది.

గిద్దలూరు రోడ్డు పక్కన అనిల్ కుమార్ అనే యువకుడు ఒక నికెల్ పూత కార్ఖానా పెట్టారు. తలుపు గడియలకు, సైకిలు భాగాలకు, మంచం గొట్టాలకు తళతళలాడే పూత వేసే పని అది. పట్టణంలో తరతరాలుగా బట్టల దుకాణం నడుపుతున్న కుటుంబం వారిది. మన కళాశాలలోనే బి.కాం. చదివారు, నా తరగతిలో వెనక బెంచీలో కూర్చునేవారు. కార్ఖానా వెనకనే ఒక కాలనీ ఉన్నది. ఆ కాలనీలోని ముప్పై ఇళ్లవాళ్లలో ఎక్కువమందికి ఆ కార్ఖానాయే బతుకుతెరువు. ఎలీషబా గారి తమ్ముడు బెన్నీ కూడా ఆ కాలనీలోనే కాపురముండి, అక్కడే పూత తొట్ల దగ్గర పనిచేసేవారు.

2013 ఎండాకాలంలో ఒక ఆదివారం తమ్ముడి ఇంటికి భోజనానికి వెళ్లిన ఎలీషబా గారు అతని అరచేతులు చూశారు. చర్మం పగిలి, ఎర్రగా దద్దుర్లు తేలి ఉన్నాయి. పూత తొట్టి నీళ్లు పడితే అట్లనే ఉంటుందని బెన్నీ తేలిగ్గా కొట్టిపారేశారు. ఆవిడ మాత్రం ఆ సాయంత్రం తిరిగివస్తూ కాలనీ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకుని వచ్చారు. ఆ నీటిలో నికెల్ తేలింది. పొరపాటేమోనని మళ్లీ పరీక్షించారు, వేరే ఊరి ప్రయోగశాలకు కూడా పంపారు. అక్కడి ఫలితమూ అదే. పూత వేసిన వస్తువులను కడిగిన నీళ్లు కార్ఖానా వెనక గుంతలోకి పోయి, నేలలోకి ఇంకి, బోరులోకి చేరుతున్నాయి.

ఈ సంగతి కాలనీలో చెప్పినప్పుడు, ఆవిడ ఊహించినదానికి భిన్నంగా, కార్ఖానా మీద ఎవరికీ కోపం రాలేదు. అధికారులకు తెలిస్తే కార్ఖానా మూతపడుతుందేమోనని భయపడ్డారు. నలుగురి మధ్యా కూర్చున్న బెన్నీయే ఆ మాట పైకి అన్నారు.

“అక్కా, నీళ్లయితే క్యాన్లు తెచ్చుకోనైనా తాగుతాం. పని పోతే ఏంది తెచ్చుకునేది?”

ఆ మాటనే ఆవిడ మరునాడు స్టాఫ్ రూములో నాకు చెప్పారు. అటువంటి ప్రశ్నను పక్కన పెట్టే స్వభావం కాదు వారిది. ఆ వారంలోనే నన్ను తోడు తీసుకుని కార్ఖానాకు వెళ్లారు. అనిల్ కుమార్ గారు మర్యాదగానే కూర్చోబెట్టారు గానీ, విషయం వినగానే ముఖం మారింది. మూసేయమంటే మూసేస్తానని, ఆ ఇళ్లకు మాత్రం మీరే జవాబు చెప్పుకోవాలని అన్నారు.

“మూయమని చెప్పను రాలేదు నాయనా,” అన్నారు ఎలీషబా గారు. “పరీక్షలో ఏమొచ్చిందో అధికారులకు పంపుతా. అది దాచేది లేదు. దాంతోపాటే ఈ నీళ్లు బాగుచేసే దారి కూడా రాసి పంపుతా. ఆ దారికి నువ్వు ఒప్పుకుంటావా లేదా, అంతవరకు చెప్పు.”

అనిల్ కుమార్ గారు చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. అధికారులు కూడా గడువు ఇచ్చారు. వేరుశనగ పొట్టును బొగ్గుగా కాల్చి, పొడి చేసి, ఆ పొడిని తొట్లలో పరిచి, కడిగిన నీళ్లను దాని మీదుగా పోనిచ్చే ఏర్పాటును ఆవిడ తన విద్యార్థులతో కలిసి నెలకొల్పారు. నీరు శుభ్రంగా దిగింది. పత్రికలవాళ్లు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. మన కళాశాల సమావేశ మందిరంలో శాలువా కప్పాము. స్వాగతోపన్యాసం నాదే, అందులో ఎన్ని విశేషణాలు వాడానో ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వు వస్తుంది.

ఆ శాలువా తరువాత కూడా, ఎవరూ అడగకపోయినా, ఎలీషబా గారు బోరు నీటిని పరీక్షిస్తూనే ఉన్నారు. 2014లో వానలు బాగా పడ్డాయి. ఆ వానల తరువాత పట్టిన నీటిలో నికెల్ తగ్గకపోగా ఇంకా పెరిగింది. వెళ్లి చూస్తే కారణం కళ్లెదుటే ఉన్నది. లోహాన్ని పట్టి పనైపోయిన పొడిని గోతాల్లో నింపి రేకుల పాక కింద ఉంచమని ఆవిడ చెప్పారు. పాక నిండిపోయాక గోతాలు బయటికి వచ్చాయి. ఎండకు చివికి, వానకు చినిగి, పొడి అంతా నేలపాలయింది. నీటిలోంచి తీసిన విషం, ఇంకొంచెం చిక్కబడి, మళ్లీ నేలలోకే దిగింది.

ఆ రోజు ఆవిడ క్యారేజీ మూత కూడా తీయకుండా స్టాఫ్ రూములో కూర్చుండిపోయారు. గోతాలు భద్రంగా ఉంచనిది వాళ్లయితే మీ తప్పేముందని మాలో కొందరం అన్నాం. జాగ్రత్తగా దాచిపెట్టమని చెప్పడం కూడా ఒక పద్ధతేనా అని ఆవిడ మమ్మల్నే తిరిగి అడిగారు. దాచిపెట్టాల్సిన విషం రోజురోజుకూ పెరుగుతూ పోతుంటే, ఏదో ఒకనాటికి ఎవరో ఒకరు దాన్ని బయట పడేయక తప్పదు కదా అన్నారు.

వచ్చిన ఆదివారం కాలనీ చర్చిలో ఆరాధన ముగిశాక అందరినీ కాసేపు ఆగమన్నారు. అనిల్ కుమార్ గారిని కూడా పిలిపించారు. నన్నూ రమ్మన్నారు. చర్చి ముందు వేపచెట్టు నీడలో నిలబడి ఆవిడ చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

“నేను చెప్పిన పొడి నీళ్లల్లో విషాన్ని పట్టింది నిజమే. పట్టినదాన్ని ఏం చేయాలనేది నేను సరిగ్గా ఆలోచించలే. అది మళ్లా మన బోరులోకే వచ్చింది. తప్పు గోతాలది కాదు, వానది కాదు, నాది. బోరు నీళ్లు తాగబాకండి.”

మేడం చెప్పినట్లే తాను చేసినానని అనిల్ కుమార్ గారు కొంచెం నొచ్చుకుంటూ అన్నారు. చేసినావు నాయనా, నేను చెప్పిందే చాల్లేదని ఆవిడ బదులిచ్చారు. సభలో కప్పిన శాలువాను పదిమంది చూస్తుండగానే తీసి పక్కన పెట్టినంత పని అది. పండితులమని పేరు పొందిన మాలో ఎంతమందిమి ఆ పని చేయగలిగేవాళ్లమో నాకు తెలియదు.

దాని పర్యవసానాలు కఠినంగానే వచ్చిపడ్డాయి. కాలనీ బోరుకు మూత బిగించాలని, కడిగిన నీళ్లను నేలలోకి వదలకుండా సిమెంటు తొట్టిలో నిలవ చేసి, నిండినప్పుడల్లా ట్యాంకరులో శుద్ధి కేంద్రానికి తరలించాలని అధికారులు నిర్ణయించారు. తొట్టి నిండిన రోజున పని ఆగిపోయేది. వారంలో సగం రోజులే పని దొరకడంతో కొందరు వేరే పనులు వెతుక్కున్నారు. బెన్నీ దర్శిలో తాపీ పనికి వెళ్లిపోయారు. అక్క మీద కోపంతో ఆ క్రిస్మసుకు గిద్దలూరు రాలేదు, ఫోను కూడా చేయలేదు. ఆ సంగతి ఎలీషబా గారు ఎవరితోనూ చెప్పుకోలేదు. తరువాత ఒక విందులో భోజనాల వేళ కృపాకర్ గారు నాతో చెప్పబట్టి తెలిసింది.

అప్పటి నుంచి వారి పరిశోధన దిశ మారింది. లోహాన్ని పట్టుకోవడం ఒక్కటే చాలదు. పట్టినదాన్ని అడిగినప్పుడు వదిలిపెట్టాలి, వదిలిన తరువాత మళ్లీ పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి. అటువంటి పదార్థం ఉంటే విషాన్ని గుట్టలుగా పోసుకోవాల్సిన అవసరమే ఉండదు. ఇందుకు ఆవిడ ఎంచుకున్నది మన ఊరి చుట్టూ గుట్టలుగా పడి ఉన్న పలకరాయి పొడి. దానికి బంకమన్ను, సన్నని ఊక కలిపి, చిన్న చిన్న గోళీలుగా చేసి, పైన ఒక రసాయన పూత వేశారు. లోహాన్ని అవి బాగానే పట్టాయి. వదిలించడానికి పలుచని ఆమ్లంతో కడిగేసరికి మాత్రం బురదయిపోయాయి. ఒక సంవత్సరం పైగా ఆవిడ బల్ల మీద రకరకాల బురదలే ఉండేవి.

ఈ సందర్భంలోనే జరిగిన ఒక ముచ్చట చెప్పకపోతే ఈ వ్యాసం సరోజమ్మ గారికి అన్యాయం చేసినట్లే. గోళీలన్నీ ఒకే పరిమాణంలో రావాలి, చేత్తో చేస్తే రావడం లేదు. 2015 డిసెంబరులో ఎలీషబా గారి ఇంట్లో బూందీ గరిటె కనబడకుండా పోయింది. క్రిస్మసుకు లడ్లు చేయడం సరోజమ్మ గారికి ఏటా వచ్చే పండగ పని. ఇల్లంతా వెతికి, ఇరుగుపొరుగును అడిగి, చివరికి పనిమనిషిని కూడా అనుమానించి, ఎందుకో సందేహం వచ్చి కొడుకును వెంటబెట్టుకుని మన కళాశాలకే వచ్చారు. ప్రయోగశాలలో కోడలు గారు తన బూందీ గరిటెలోంచి పలకరాయి ముద్దను కిందికి రాలుస్తూ కనిపించారు. గరిటె నల్లబడి, చిల్లుల్లో మన్ను గడ్డకట్టి ఉన్నది. అత్తగారు గడపలోనే నిలబడిపోయారు. కోడలు గారు గరిటెను వెనక్కి దాచుకున్నారు. డాక్టరేటు పుచ్చుకున్న మనిషి అలా దాచుకోవడం చూసి విద్యార్థులు నవ్వాపుకోలేకపోయారు.

“ఏందమ్మా ఇది. అడిగితే నేనే ఇచ్చేదాన్ని గదా,” అన్నారు సరోజమ్మ గారు. ఆపైన కాస్త దగ్గరికి వచ్చి చూసి, ముద్ద పలచనైందని, బూందీకి కూడా ఇంత పలచన పనికిరాదని విమర్శించి, బజారుకు పోయి కొత్త గరిటె కొనుక్కుని ఇంటికి వెళ్లారు. ఆ ఏడాది లడ్లు మా స్టాఫ్ రూముకు మామూలు కంటే పెద్ద డబ్బాతో వచ్చాయి.

గోళీలు గుండ్రంగా రావడం మొదలైనా ఆమ్లానికి నిలవడం మాత్రం ఇంకా తీరలేదు. ఎండలో ఆరబెట్టి చూశారు, రకరకాల జిగురులు కలిపి చూశారు. చివరికి కొలిమిలో కాల్చాలనే ఆలోచన వచ్చింది. కాలితే గట్టిపడతాయి, లోపలి ఊక కాలిపోయి సన్నని రంధ్రాలు మిగులుతాయి. అయితే వేడి తగ్గితే మళ్లీ బురద, వేడి పెరిగితే రంధ్రాలు మూసుకుపోయి రాయి. ఆ రెండింటి మధ్యనున్న సరైన వేడిని పట్టుకోవడానికి ఆవిడ సెలవులన్నీ ఖర్చు చేశారు. కొలిమి దగ్గర నిలబడి నిలబడి ముఖం కమిలిపోయేది. మానేయమని చెప్పాలనిపించేది గానీ, ఆ కాలనీవాళ్లు సగం పనితో బతుకుతున్నారన్న సంగతి ఆవిడకు ఎంత గుర్తో మాకూ అంతే గుర్తు. ఎవరమూ ఆ మాట అనలేకపోయాం.

2016 చివరలో ఒక మధ్యాహ్నం ఆవిడ చిన్న పళ్లెంలో నాలుగు గోళీలు పెట్టుకుని స్టాఫ్ రూములోకి వచ్చారు. ఎన్నోసార్లు ఆమ్లంలో కడిగినవి. బూడిద రంగులో, ఎక్కడా బీట లేకుండా ఉన్నాయి. వీటికి తెలుగులో మంచి పేరు పెట్టమని నన్ను అడిగారు. పునర్వినియోగ అధిశోషకాలు అన్నాను. బెన్నీకి అర్థమయ్యే మాట చెప్పమన్నారు. నేను రెండు రోజులు ఆలోచించి పట్టు గుళికలు అని చెప్పాను. అందులో శ్లేష కూడా ఉందని సంబరపడ్డాను. కాలనీవాళ్లు దాన్ని పట్టించుకోలేదు. వాళ్లు చూసిన మొదటి రోజే పలక గోళీలు అన్నారు, ఆ పేరే స్థిరపడిపోయింది. తెలుగు పంతులుగా ఆ ఓటమిని నేను సంతోషంగా అంగీకరించాను.

2017 ఫిబ్రవరిలో కార్ఖానాలో తొలి ప్రయోగం జరిగింది. రెండు నిలువు గొట్టాల నిండా గోళీలు నింపి, వాటిలోంచి కడిగిన నీళ్లను పోనిచ్చారు. ఆ రోజుకు అనిల్ కుమార్ గారు ఎవరికీ చెప్పకుండా దర్శికి ఫోను చేసి బెన్నీని పిలిపించారు. బెన్నీ వచ్చి, అక్కను పలకరించకుండా, గోడవారగా నిలబడ్డారు. గొట్టాల కిందినుంచి తేటనీరు దిగింది. దాన్ని అంతకుముందు పొడితోనూ చూశాం కనుక ఎవరికీ పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. తరువాత ఎలీషబా గారు పలుచని ఆమ్లాన్ని గొట్టాల్లోకి వదిలారు. కాసేపటికి కింద పెట్టిన గాజు పాత్రలోకి పచ్చని నీళ్లు, మెల్లగా మొదలై, చిక్కగా దిగాయి. లేత ఆకు రంగు కాదు, గాజు సీసా రంగు. గోళీలు అప్పటిదాకా పట్టిన నికెల్ అంతా వదిలిపెడుతున్నాయి.

బెన్నీ గోడ దగ్గర నుంచి ముందుకు వచ్చారు. వంగి ఆ పాత్రలోకి చూశారు.

“ఇది మా తొట్టి రంగే గదా అక్కా,” అన్నారు.

అవునని, మీరు కడిగి పారబోసిందేనని ఆవిడ చెప్పారు.

బెన్నీ ఇంకాసేపు చూశారు. “అయితే ఇన్నేళ్లు మేం తాగింది ఇదేనా?”

“ఇంత కాదురా. దీంట్లో కొంచెం. ఆ కొంచెమే చాలు.”

బెన్నీ అక్క చేతిలోని ఆమ్లపు సీసా అందుకుని, తాను పట్టుకుని నిలబడ్డారు. తొడుగులు లేకుండా ముట్టుకోవద్దని ఆవిడ కోప్పడి, తన చేతి తొడుగులు తీసి తమ్ముడికి తొడిగారు. ఇదేమీ చూడనట్లు అనిల్ కుమార్ గారూ నేనూ కార్ఖానా బయటికి వచ్చి రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ నిలబడ్డాం.

ఆ పచ్చని నీటిని శుద్ధి చేస్తే పూత తొట్టిలోకే తిరిగి పోసుకోవచ్చునని తెలిశాక అనిల్ కుమార్ గారికి ఉత్సాహం వచ్చింది. నేలపాలయ్యే సరుకు ఇంటికి తిరిగివచ్చినట్లయింది. కడిగిన గోళీలు మళ్లీ గొట్టాల్లోకి వెళ్లి మళ్లీ పట్టడానికి సిద్ధమయ్యాయి. మరికొన్ని నెలలకు అధికారులు వచ్చి పరీక్షించి, పూర్తి పనికి అనుమతి ఇచ్చారు. వేరే పనులకు వెళ్లినవాళ్లు తిరిగివచ్చారు. గొట్టాల బాధ్యత బెన్నీ తీసుకున్నారు. ఆయన చేతులు ఇప్పుడు బాగున్నాయి.

నేలలోకి దిగిన విషం ఒక్కనాటికి పోదు. ఆవిడ ఆ మాట కాలనీలో ముందే చెప్పారు, ఎన్నేళ్లు పడుతుందో తనకూ తెలియదని కూడా చెప్పారు. చినిగిన గోతాల కింది మన్నును తవ్వించి తరలించినా, బోరు నీరు కొన్ని వానాకాలాలు గడిచాకగానీ తేరుకోలేదు. ఈలోగా కాలనీకి కుళాయి నీళ్లు వచ్చాయి. అయినా ఆవిడ ప్రతి వాన తరువాతా సీసా పట్టుకుని వెళ్లడం మానలేదు. బయటి ప్రయోగశాల వరుసగా మూడోసారి ఆ నీరు తాగడానికి యోగ్యమని తేల్చిన తరువాతే, 2022లో, ఆవిడ కాలనీవాళ్లకు బోరు మీద మూత తీయమన్నారు. ఆ రోజు మొదటి గ్లాసు తానే తాగారు. సహజంగానే రుచి గురించి అడిగాం. కాస్త ఉప్పగా ఉన్నాయని, మన నీళ్లు ఎప్పుడూ ఉప్పగానే ఉంటాయని తృప్తిగా అన్నారు.

ఈ కృషి మీద వారు ప్రచురించిన వ్యాసాలు దేశవిదేశాల పత్రికల్లో వచ్చాయి. వేరే జిల్లాల పూత కార్ఖానాలవాళ్లు వచ్చి చూసి వెళ్లి, ఇటువంటి గొట్టాలు పెట్టుకున్నారు. వారి వద్ద పరిశోధన చేసిన విద్యార్థులు సీసం మీద, క్రోమియం మీద ఇదే పద్ధతిని పరీక్షిస్తున్నారు. అయినా ఏ వేదిక మీద మాట్లాడినా ఆవిడ తన విజయంతో ఉపన్యాసం మొదలుపెట్టరు. చినిగిన గోతాల ఫోటోతో మొదలుపెడతారు. ఏళ్ల తరబడి వాడాక గోళీలు కూడా అరిగిపోతాయి. వాటిని మూతలు బిగించిన డ్రమ్ముల్లో ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపుతున్నారు. మునుపటి పొడితో పోలిస్తే అవి బహు తక్కువ. అయినా ఆ తక్కువ కూడా ఎందుకుండాలన్నది ఆవిడ ఇంకా తేల్చుకోని ప్రశ్న. దాన్ని పదవీ విరమణకు ముందే శిష్యులకు అప్పగించారు, ఎప్పటికప్పుడు ఫోను చేసి అడుగుతానని హెచ్చరిక కూడా చేశారు.

సహోద్యోగిగా ఎలీషబా గారు మాకు ఇచ్చినవి ఎన్నో ఉన్నాయి. అనారోగ్యంతో ఉన్నవారి తరగతులు అడగకుండానే తీసుకునేవారు. కొత్తగా చేరిన ఉపన్యాసకులకు గది చూపించి, కుర్చీ వేసి, మధ్యాహ్నం తన క్యారేజీలోంచి కూర వడ్డించేవారు. వారితో నాకు భేదాభిప్రాయాలు లేకపోలేదు. సభలు సమయానికి ముగించాలనే విషయంలో ఆవిడ నన్ను క్షమించిన పాపాన పోలేదు. నేను మైకు ముందు నిలబడితే ఎదుటి వరుసలో చేతి గడియారం విప్పి ఒళ్లో పెట్టుకునేవారు. ఆ గడియారాన్ని తలుచుకునే ఈ వ్యాసాన్ని ఇక ముగింపుకు తెస్తున్నాను.

ఇకమీదట గిద్దలూరులో, కృపాకర్ గారితో, ఫెబీ కొడుకైన మనవడితో గడపబోతున్నారు. మధ్యాహ్నం నిద్ర ఎలా ఉంటుందో తనకు తెలియదని, అది తెలుసుకోవాలని ఉందని మొన్న చెప్పారు. చర్చి గాయక బృందంలో చేరాలని కూడా ఉన్నదట. వారి గొంతు సంగతి తెలిసినవాళ్లం మేము మౌనం వహించాం. కృపాకర్ గారు మాత్రం ధైర్యంగా ప్రోత్సహిస్తున్నారు.

మేడం గారూ, మీ చేతుల మీదుగా శుభ్రపడిన నీటిని తాగేవారిలో మీ పేరు ఎరగనివారే ఎక్కువమంది ఉంటారు. కాలనీలో ఈమధ్యే పుట్టిన పిల్లలు ఆ బోరు ఒకప్పుడు మూతపడిందని కూడా తెలియకుండా పెరుగుతారు. మీరు కోరుకున్నదీ అదే. ఈ సంచికలో సంతకం పెట్టడానికి రాలేని వాళ్లందరి తరఫున, పేరుపేరునా రాసిన మా అందరి తరఫున కూడా, మీకు చల్లని రోజులు, తేలికైన ఒళ్లు, కంటినిండా నిద్ర, చుట్టూ మీవాళ్ల సందడి కలగాలని, నూరేళ్లూ నిండుగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను. ఎప్పుడు దాహమైనా మా స్టాఫ్ రూముకు రండి. మంచినీళ్లు మేమే అందిస్తాం.

— దేవరపల్లి మాలకొండయ్య
తెలుగు శాఖ